పాలిప్ తీసేశారు, క్యాన్సర్ కాదన్నారు... మరి మూడేళ్లకు మళ్లీ రమ్మనడం దేనికి?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మలంలో రక్తం పడుతోందని కొలనోస్కోపీ చేయించాం. పెద్దపేగు ఎడమ భాగంలో 12 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి పొర మీద మొలిచే చిన్న గడ్డ) కనిపిస్తే అప్పుడే తీసేశారు. బయాప్సీ రిపోర్టులో ‘ట్యూబ్యులర్ అడినోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేసియా, మార్జిన్లలో అడినోమా లేదు’ అని రాశారు. క్యాన్సర్ కాదు, మూడేళ్లకు మళ్లీ రండి అన్నారు డాక్టరు గారు. డిస్‌ప్లేసియా అంటే క్యాన్సర్‌కు ముందు దశ అని ఎక్కడో చదివినప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. క్యాన్సర్ కాకపోతే మళ్లీ పరీక్ష ఎందుకు? అయ్యేదే అయితే మందులు ఎందుకు ఇవ్వలేదు? కోస్తే పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు, పంచదార మాన్పించమంటున్నారు. నాకు 34, తమ్ముడికి 31. మాకూ వస్తుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారి నిద్ర చెడగొట్టిన మాటతోనే మొదలుపెడదాం. డిస్‌ప్లేసియా అంటే కణాల రూపు, వాటి వరుస గాడి తప్పడం. పేగు లోపలి పొరలోని మామూలు కణాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే కేంద్రకం గుండ్రంగా, కణం అడుగున ఒద్దికగా ఉంటుంది. అడినోమాలో, అంటే ఆ పొర గ్రంథుల నుంచి మొలిచే ఈ రకం పాలిప్‌లో, ఆ కేంద్రకాలు పొడుగ్గా సాగి, పెన్సిళ్లు గుత్తిగా పేర్చినట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ముదురు రంగులో కనిపిస్తాయి. ఈపాటి మార్పయినా లేకపోతే దాన్ని అసలు అడినోమా అనరు. అంటే ప్రపంచంలో ఎవరి అడినోమా రిపోర్టు తీసినా అందులో డిస్‌ప్లేసియా ఉండి తీరాలి. ఉన్నవి రెండే మెట్లు: లో గ్రేడ్, హై గ్రేడ్. మీ నాన్నగారిది కింది మెట్టు. రిపోర్టులో ఆ మాట కొత్తగా బయటపడిన ముప్పు కాదు, అడినోమా అన్న మాటనే ఇంకోసారి చెప్పడం.

‘ట్యూబ్యులర్’ అన్నది కూడా మంచి మాటే. పాలిప్‌లోని గ్రంథులు గొట్టాల్లా ఉన్నాయని దాని అర్థం. వేళ్లలా పైకి పొడుచుకొచ్చే ‘విల్లస్’ భాగం నాలుగో వంతు దాటితే ట్యూబ్యులోవిల్లస్ అని, ముప్పావు వంతు దాటితే విల్లస్ అని రాస్తారు. అవి కొంచెం ఎక్కువ జాగ్రత్త పడాల్సిన రకాలు. ఇక ‘మార్జిన్లలో అడినోమా లేదు’ అంటే కోసిన అంచుల దగ్గర మామూలు కణాలే ఉన్నాయన్నమాట. పాలిప్ ముక్కలు కాకుండా మొత్తంగా వచ్చినప్పుడే ఈ వాక్యానికి పూర్తి విలువ. (రిపోర్టులో సైజు, కొలనోస్కోపీ కాగితంలో సైజు ఒకటిగా లేకపోతే కంగారు పడకండి. ఒకటి తెర మీద చూసి వేసిన అంచనా, రెండోది కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో నానాక కొలిచిన కొలత. నానితే కణజాలం కాస్త కుంచించుకుపోతుంది.)

ఇప్పుడు అసలు సంగతి. క్యాన్సర్ అవునా కాదా అన్నది గడ్డ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి తేలదు, ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి తేలుతుంది. చర్మం కింద కొవ్వు గడ్డ నిమ్మకాయంత అయినా, గర్భాశయంలో ఫైబ్రాయిడ్ అంతకు మించి పెరిగినా అవి చుట్టూ ఉన్న కణజాలాన్ని పక్కకు నెట్టుకుంటూ పెరుగుతాయే తప్ప అందులోకి చొరబడవు. క్యాన్సర్ కణాలు గట్టు తెంచుకుని పక్క కణజాలంలోకి దిగుతాయి. అక్కడి రక్తనాళాల్లో, కణజాలంలోని ద్రవాన్ని రక్తానికి చేర్చే లింఫ్ నాళాల్లో దూరి ఇంకో అవయవానికి చేరగలవు. రక్త క్యాన్సర్లలో చాలాసార్లు చేతికి తగిలే గడ్డే ఉండదు. కాబట్టి గడ్డ వేరు, క్యాన్సర్ వేరు. కొన్నిచోట్ల మాత్రమే రెండూ కలుస్తాయి.

పెద్దపేగులో ఆ గట్టు ఎక్కడుందో పాథాలజిస్టులు చాలా కచ్చితంగా గీసుకున్నారు. పేగు లోపలి పొర అడుగున ఒక పలుచని కండర పొర ఉంటుంది, దాని కింద సబ్‌మ్యూకోసా. మారిన కణాలు ఆ కండర పొరను దాటి సబ్‌మ్యూకోసాలోకి దిగితేనే క్యాన్సర్ అని రాస్తారు. ఆ పైభాగంలో లింఫ్ నాళాలు దాదాపు ఉండవు. అందువల్ల అక్కడితో ఆగిన కణాలకు బయటికి వెళ్లే దారి ఉండదు. మీ నాన్నగారి కణాలు ఆ పొర దాకా కూడా రాలేదు. తాము పుట్టిన గ్రంథి గోడను, దాని అడుగున ఉండే అతి పలుచని పునాది పొరను కూడా దాటలేదు.

అయినా ‘ముందు దశ’ అని ఎందుకంటారు? దానికి ఒక కణం కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

పెద్దపేగు లోపలి గోడ కంటికి నున్నగా కనిపిస్తుంది గానీ నిజానికి అదంతా గుంటలే. సుమారు కోటి చిన్న గుంటలు, ఒక్కోదాంట్లో దాదాపు 2,000 కణాలు. గుంట అడుగున కొద్దిపాటి మూలకణాలు ఉంటాయి. అవి విడిపోతూ కొత్త కణాలను పుట్టిస్తాయి, పుట్టినవి గోడ వెంట మెల్లగా పైకి జరిగి, నాలుగైదు రోజుల్లో పైఅంచు నుంచి రాలిపోతాయి. ఇది జీవితాంతం ఆగదు. విడిపోయిన ప్రతిసారీ కణం తన డీఎన్‌ఏను, అంటే 600 కోట్ల అక్షరాలను, మొదటి నుంచి చివరి దాకా నకలు తీయాలి. నకలు తీసే ఎంజైము తన తప్పును తానే దిద్దుకుంటుంది. దాని వెనకే వచ్చే మరమ్మతు బృందం మిగిలినవి సరిచేస్తుంది. ఇంత చేసినా ఒక్కో విభజనకు ఒకట్రెండు తప్పులు మిగిలిపోవచ్చు. అవి చాలావరకు ఏ పనీ చేయని చోట పడతాయి. పైకి జరుగుతున్న కణంలో తప్పు పడితే నాలుగు రోజుల్లో కణంతో పాటే రాలిపోతుంది, చింత లేదు. అడుగునున్న మూలకణంలో పడితే మాత్రం రాలదు. దాని సంతానమంతటికీ ఆ తప్పు వారసత్వంగా వెళుతుంది. వయసు పెరిగే కొద్దీ క్యాన్సర్ ముప్పు పెరగడానికి పెద్ద కారణం ఇదే.

పెద్దపేగులో మొదట దెబ్బతినేది ఎక్కువగా ఏపీసీ అనే జన్యువు. పైకి జరిగే కణానికి ‘ఇక విడిపోవడం ఆపు’ అనే సంకేతం సక్రమంగా అందాలంటే ఈ జన్యువు పని చేయాలి. విభజనను ఉసిగొల్పే బీటా కెటెనిన్ అనే ప్రొటీన్‌ను ఎప్పటికప్పుడు నాశనం చేయించేది ఇదే. అయితే తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, ప్రతి కణంలో ఏపీసీకి రెండు ప్రతులుంటాయి. ఒకటి పాడైనా రెండోది పని లాక్కొస్తుంది. రెండూ ఒకే కణంలో పోవాలి. ఈ ‘రెండు దెబ్బల’ లెక్కను పిల్లల కంటి క్యాన్సర్ ఆధారంగా అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ నడ్సన్ 1971లో చెప్పారు. తర్వాత అది చాలా క్యాన్సర్లకు సరిపోయింది. రెండు ప్రతులూ పోయిన కణం పైకి జరుగుతూ కూడా విడిపోతూనే ఉంటుంది, రాలాల్సిన కణాలు గుంట నోటి దగ్గర పోగుపడతాయి. అదే చిన్న అడినోమా. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతంలో ఏపీసీ చెడిపోయి ఉంటుంది.

తర్వాతి దెబ్బ తరచుగా కేరాస్ అనే జన్యువు మీద పడుతుంది. ఏపీసీ బ్రేకు అయితే ఇది యాక్సిలరేటర్. బ్రేకు విషయంలో రెండూ పోవాలి గానీ యాక్సిలరేటర్ ఒక్కటి ఇరుక్కుపోయినా బండి దూసుకుపోతుంది. అందుకే కేరాస్‌లో ఒక్క ప్రతి మారితే చాలు. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 40 శాతంలో ఈ మార్పు కనిపిస్తుంది. పాలిప్ పెద్దదవడంలో దీని వంతు చాలా ఉంటుంది. ఆఖర్లో పోయేది ఎక్కువగా పీ53 అనే జన్యువు. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణాన్ని ఆపి, మరమ్మతు అయితే వదిలేసి, కాకపోతే చంపేసే కాపలాదారు అది. మనిషికి వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 పాడై ఉంటుంది. అది పోయాక తప్పుల మీద తప్పులు పేరుకున్న కణాలు కూడా చావకుండా బతికేస్తాయి. లో గ్రేడ్ హై గ్రేడ్‌గా, హై గ్రేడ్ క్యాన్సర్‌గా మారడానికి ఎక్కువ అవకాశం ఇక్కడి నుంచే.

ఈ మెట్లను 1990లో అమెరికా శాస్త్రవేత్తలు ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టీన్ ఒక వరుసలో పెట్టారు. అన్ని గడ్డలూ అదే వరుస పాటించవు, ఏపీసీ ముందు, పీ53 ఆలస్యంగా అన్నది మాత్రం ఎక్కువ కేసుల్లో నిలిచింది. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఏళ్లు పడతాయి. కొత్త తప్పు పడిన కణం పక్క కణాల కంటే వేగంగా పెరిగి, తన సంతతితో ఆ చోటంతా ఆక్రమించాలి. ఆ సంతతిలో ఇంకో కణానికి ఇంకో తప్పు పడాలి. చిన్న అడినోమా క్యాన్సర్ కావడానికి సుమారు పదేళ్లు అంటారు. అదీ అన్నీ కావు. ఎక్కువ అడినోమాలు ఎక్కడో ఒక మెట్టు మీద జీవితాంతం ఆగిపోతాయి. చిక్కల్లా ఏది ఆగుతుందో, ఏది ఎక్కుతుందో చూసి చెప్పలేకపోవడం. అందుకే కనిపించిన ప్రతిదాన్నీ తీసేస్తారు. 10 మిల్లీమీటర్లు దాటితే ఇప్పటికే కొన్ని మెట్లు ఎక్కి ఉండే అవకాశం పెరుగుతుంది కాబట్టి 12 మిల్లీమీటర్లను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మీ డాక్టరు గారు తీసుకోలేదు.

మందులు ఎందుకు ఇవ్వలేదన్న దానికి జవాబు ఇందులోనే ఉంది. కీమోథెరపీ ఒంట్లో ఎక్కడెక్కడికో చెదిరిపోయిన, లేదా చెదిరిపోయి ఉంటాయని అనుమానం ఉన్న కణాల కోసం. మీ నాన్నగారి విషయంలో మారిన కణాలన్నీ ఒకే చోట, ఆ పాలిప్‌లోనే ఉండేవి, ఆ పాలిప్ ఇప్పుడు ల్యాబ్‌లో మైనపు దిమ్మలో ఉంది. తీసేయడమే వైద్యం, అది అయిపోయింది. అమెరికాలో జరిగిన నేషనల్ పాలిప్ స్టడీ 1993లో చెప్పిందిదే: అడినోమాలు తీయించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ రావాల్సిన దానికంటే 76 నుంచి 90 శాతం తక్కువగా వచ్చింది. అదే బృందాన్ని ఏళ్ల తరబడి గమనించి 2012లో వెలువరించిన లెక్కల్లో ఆ క్యాన్సర్ వల్ల మరణాలు 53 శాతం తక్కువ.

‘కోస్తే పాకుతుంది’ అన్న మాటకు పాత అనుభవం ఒకటి కారణం. ముదిరాక వచ్చిన రోగికి ఆపరేషన్ చేస్తే, అప్పటికే పాకి ఉన్నది కొన్ని నెలలకు బయటపడేది. చూసినవారికి కత్తి వల్లే పాకిందనిపించేది. నిజానికి పాకడం కణానికి అంత తేలికైన పని కాదు. పేగు పొర కణం తన పునాది పొర నుంచి ఊడితే మామూలుగా తనంతట తానే చచ్చిపోతుంది. పాకాలంటే ఆ చావును తప్పించుకోవాలి, పునాది పొరను కరిగించాలి, రక్తనాళంలో దూరాలి, రోగనిరోధక కణాల కంట పడకుండా ప్రయాణించాలి, దిగిన చోట బతికి విడిపోవాలి. ముదిరిన క్యాన్సర్ నుంచి రక్తంలోకి జారిన కణాల్లో కూడా పదివేలలో ఒకటైనా ఇవన్నీ దాటి కొత్త గడ్డ కట్టడం అరుదు. లో గ్రేడ్ అడినోమా కణాలకు ఇందులో ఒక్క విద్య కూడా రాదు. తీగ ఉచ్చు బిగించి పాలిప్‌ను కోసేస్తే పాకడానికి అక్కడ ఏమీ లేదు. సర్జన్లు నిజంగా ఈ జాగ్రత్త తీసుకునే చోట్లు కొన్ని ఉన్నాయి: వృషణంలో గడ్డ అనుమానం ఉంటే సంచి చర్మం గుండా సూది గుచ్చరు. ఎముకల్లో, కండరాల్లో పుట్టే క్యాన్సర్లయిన సార్కోమాల్లో సూది వెళ్లే దారిని ముందే ఆలోచించి, ఆపరేషన్‌లో ఆ దారిని కూడా తీసేస్తారు. పేగు పాలిప్ ఆ జాబితాలో లేదు.

పంచదార సంగతి చెప్పి ముందుకెళ్దాం. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్ విపరీతంగా పీలుస్తాయన్నది నిజమే. గ్లూకోజ్‌కు రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి చేసే పెట్ స్కాన్ దాని మీదే ఆధారపడింది. కానీ మీరు తినడం మానేసినా కాలేయం గ్లూకోజ్ తయారు చేసి రక్తంలో దాని స్థాయిని నిలబెడుతుంది, మెదడు బతకాలి కదా. కాబట్టి పంచదార మానితే గడ్డ ఎండిపోదు. పంచదార తగ్గిస్తే లాభం వేరే దారిలో వస్తుంది: బరువు తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గుతుంది, పెద్దపేగు క్యాన్సర్ ముప్పుకు ఈ రెండింటితో సంబంధం ఉంది. అంతకంటే ముందు వదలాల్సినవి పొగాకు, మద్యం, ప్రాసెస్ చేసిన మాంసం. ఈ మూడూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటో గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవాటిలో ఉన్నాయి. రోజూ ఒళ్లు కదిలించడం ముప్పును తగ్గిస్తుంది.

ఇక మూడేళ్లకు ఎందుకు రమ్మన్నారు? ఆ పాలిప్ మళ్లీ మొలుస్తుందని కాదు. ఆ ఒక్క గుంటలో ఇన్ని తప్పులు చేరేటంత కాలం గడిచిందంటే, అదే వయసున్న, అదే ఆహారం, అదే అలవాట్లు చూసిన మిగిలిన కోటి గుంటల్లో కూడా కొన్ని అదే దారిలో ఉండవచ్చు. రెండో కారణం ఎవరూ గట్టిగా చెప్పరు: కొలనోస్కోపీలో అన్నీ కనబడవు. ఒకే రోజు ఒకే మనిషికి రెండుసార్లు చేసి చూసిన అధ్యయనాల్లో మొదటిసారి దాదాపు అయిదింట ఒక అడినోమా తప్పిపోయింది. తప్పినవి ఎక్కువగా చిన్నవే, మడతల వెనక దాక్కున్నవే. అడినోమా 10 మిల్లీమీటర్లు, అంతకు మించితే మూడేళ్లకు అన్నది అమెరికా, యూరప్ మార్గదర్శకాలు రెండూ చెప్పే గడువు. చిన్నవి ఒకటో రెండో ఉంటే ఏడు నుంచి పదేళ్ల దాకా ఆగుతారు. 20 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నదాన్ని ముక్కలు ముక్కలుగా తీస్తే ఆరు నెలలకే ఆ చోటు చూడాలి. కాబట్టి మూడేళ్లు అన్నది దాస్తున్న చెడ్డ వార్త కాదు, కొలిచి పెట్టిన గడువు.

ఆ మూడేళ్ల పరీక్షకు విలువ తెచ్చేది పేగు శుభ్రత, అది మీ చేతిలో ఉంది. పేగు శుభ్రం చేసే మందు మొత్తం ముందు రోజు రాత్రే తాగేయడం చాలామంది చేసే పొరపాటు. తెల్లారేసరికి పైనుంచి దిగిన పసర ద్రవం పెద్దపేగు కుడి వైపు పూతలా అంటుకుంటుంది, చదునుగా ఉండే పాలిప్‌లు దాని కింద మాయమైపోతాయి. సగం ముందు రాత్రి, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల ముందుకల్లా ముగించాలి. ఐరన్ మాత్రలు వాడుతుంటే వారం ముందే ఆపమంటారు, అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరును అడిగాకే. మొన్నటి కొలనోస్కోపీ రిపోర్టులో మూడు విషయాలు ఉన్నాయేమో చూడండి: గొట్టం పేగు మొదలు, అంటే సీకమ్ దాకా వెళ్లిందా, శుభ్రత బాగుందని రాశారా, పాలిప్ ఒకే ముక్కగా వచ్చిందా. మూడింటికీ అవునని ఉంటే మూడేళ్ల గడువు సరైనదే. శుభ్రత బాగా లేదని ఉంటే ఏడాది లోపే మళ్లీ చేయించాలా అని అడగండి.

పాలిప్ తీసిన చోట రెండు వారాల దాకా రక్తం పడే అవకాశం ఉంటుంది. టాయిలెట్‌లో గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, కళ్లు తిరిగినా, కడుపు గట్టిపడి నొప్పి, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ రెండు వారాలూ దాటాక కూడా మొదట్లో కనిపించినట్టే రక్తం కనిపిస్తుంటే, పాలిప్ తీసేశాం కదా అని సర్దుకోవద్దు. మొలల వంటి వేరే కారణం ఉందేమో మళ్లీ చూపించండి. మధ్యలో మనశ్శాంతి కోసం సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష చేయించాలనిపిస్తుంది, వద్దు. పాలిప్‌లలో అది సాధారణంగా పెరగదు. పొగ తాగేవారిలో క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. ఇటు లేని ధైర్యం, అటు లేని భయం.

మీరూ, మీ తమ్ముడూ. మీ నాన్నగారి పాలిప్‌లో పడిన తప్పులు ఆ గుంట కణాలకే పరిమితం. అవి వీర్యకణాల్లో లేవు కాబట్టి మీకు సంక్రమించవు. వారసత్వంగా వచ్చే రకాలు వేరు: ఏపీసీ ఒక ప్రతి పుట్టుకతోనే పాడై, చిన్న వయసులోనే వందల పాలిప్‌లు మొలిచే జబ్బు ఒకటి, డీఎన్‌ఏ మరమ్మతు జన్యువు పుట్టుకతో పాడైన లించ్ సిండ్రోమ్ ఇంకొకటి. నాన్నగారి వైపు బంధువుల్లో 50 ఏళ్ల లోపు పెద్దపేగు లేదా గర్భాశయం లోపొర క్యాన్సర్ వచ్చినవారు ఉన్నారేమో, ఎవరికైనా పదికి మించి అడినోమాలు తీశారేమో కనుక్కోండి. ఉంటే జన్యు సలహా తీసుకోవాలి. 58 ఏళ్లకు ఒక్క పాలిప్ అన్నది ఆ దారి చూపించడం లేదు.

అయినా కన్నవారిలో, తోబుట్టువుల్లో ఒకరికి 10 మిల్లీమీటర్లు, అంతకు మించిన అడినోమా ఉంటే మామూలు వారికంటే ముప్పు కొంత ఎక్కువే. అలాంటివారికి చెప్పే లెక్క: 40 ఏళ్లకు, లేదా ఇంట్లోవారికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, రెంటిలో ఏది ముందైతే అప్పుడు మొదటి కొలనోస్కోపీ. 58లోంచి పది తీస్తే 48, కాబట్టి మీ ఇద్దరికీ 40 వర్తిస్తుంది. మీకు ఇంకా ఆరేళ్లు, తమ్ముడికి తొమ్మిదేళ్లు. ఈలోగా మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, కొన్ని వారాల పాటు మారిపోయిన మలవిసర్జన తీరు కనిపిస్తే వయసు లెక్క పక్కన పెట్టి వెంటనే చూపించుకోండి. నాన్నగారి బయాప్సీ రిపోర్టు నకలు ఇద్దరూ చెరొకటి దాచుకోండి. 40 ఏళ్లకు వెళ్లినప్పుడు డాక్టరు మొదట అడిగేది ఆ సైజు, ఆ వయసే.